థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్: మొదటిసారే సరిగ్గా జరగాలంటే ఏం చేయాలి

దేవరకొండ, కల్వకుర్తి, మిర్యాలగూడ... ఊరేదైనా ఫోన్‌లో అడిగేది ఒకటే. "అక్కా, మెడ గడ్డకు సూది పరీక్ష చేస్తే క్యాన్సర్ అని వచ్చింది. ఇప్పుడేం చేయాలె? ఏడ చేయించాలె?" నేను సర్జికల్ వార్డులో నర్సును. అందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ డాక్టర్ చెప్పినదానికి, ఇక్కడ రాసినదానికి తేడా వస్తే డాక్టర్ మాటే వినండి. కానీ ఆ తేడా ఎందుకో అడగండి.

అన్నిటికంటే ముందు ఒక్క సంగతి. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిల్లరీ రకం. అది మెల్లగా పెరుగుతుంది. రెండు మూడు వారాలు ఆగి మంచి సర్జన్‌ను వెతుక్కుంటే కొంపేమీ మునగదు. హడావుడిగా దగ్గర్లో ఎక్కడో కోయించుకుని, సగంలో వదిలేసిన పనికి రెండోసారి టేబుల్ ఎక్కడమే అసలు నష్టం. ఒకసారి కోసిన చోట లోపలంతా అతుక్కుపోతుంది. ఏది గొంతు నరమో, ఏది కాల్షియం గ్రంథో పోల్చుకోవడం సర్జన్‌కు కష్టమవుతుంది. అందుకే కష్టమంతా మొదటి ఆపరేషన్‌కు ముందే పడాలి.

ఆగకూడని వాళ్లూ ఉన్నారు. గడ్డ వారాల్లోనే పెద్దదైనా, గొంతు మారిపోయినా, మింగడం కష్టమైనా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, ఈ వ్యాసం పక్కన పెట్టి ఇవాళే పెద్దాసుపత్రికి బయల్దేరండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మెడ అల్ట్రాసౌండ్ రిపోర్టు. థైరాయిడ్ ఒక్కటే కాదు, మెడకు రెండు వైపులా ఉన్న లింఫ్ గ్రంథుల గురించి కూడా అందులో రాసి ఉండాలి.
- ఎఫ్ఎన్ఏసీ, అంటే సూది పరీక్ష రిపోర్టు. దాంతోపాటు గాజు స్లైడ్లు. పెద్దాసుపత్రిలో వాళ్ల పాథాలజిస్టు మళ్లీ చూస్తానంటారు. కాగితం ఒక్కటే తెస్తే మళ్లీ సూది పడుతుంది.
- టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూపే రక్త పరీక్ష), కాల్షియం, విటమిన్ డి, షుగర్, రక్తం శాతం.
- ఆహార భద్రత కార్డు, రోగి ఆధార్, ఫోటోలు.
- ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ. ఆర్ఎంపీ రాసిచ్చినవీ, నాటు మందులూ కూడా.
- చివరిదాకా మారకుండా వెంట ఉండే మనిషి ఒకరు. పొద్దున కొడుకు, మధ్యాహ్నం మరిది, రాత్రి తమ్ముడు అయితే డాక్టర్ చెప్పిన మాట ఎవరి దగ్గర ఆగిపోయిందో తెలియదు.

1. గడ్డ పేరు తెలియకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు

"సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతదట, కత్తి పెడితే ఇంకా తొందరగా పాకుతదట" అనే మాట మన దగ్గర ప్రతి ఊళ్లో ఉంది. ఆ భయం పెట్టుకోకండి. సన్న సూదితో తీసే ఆ కాస్త కణాల పరీక్ష లేకుండా ఏ మంచి సర్జనూ ముందుకు పోడు. రిపోర్టులో బెథెస్డా అని 1 నుంచి 6 దాకా ఒక అంకె ఉంటుంది. 2 అంటే మామూలు గడ్డ. 6 అంటే క్యాన్సర్. 5 అంటే గట్టి అనుమానం. 3, 4 వస్తే క్యాన్సరో కాదో తేలని మధ్యస్థం. 1 అంటే సరిపడా కణాలు రాలేదని, మళ్లీ తీయాలని. ఫాలిక్యులర్ రకాన్ని సూది పరీక్ష తేల్చలేదు, గడ్డ తీసి చూశాకే తెలుస్తుంది. కాబట్టి 4 వచ్చిన వాళ్లకు "ముందు సగం తీసి చూద్దాం" అని డాక్టర్ అంటే తెలియక అంటున్నాడనుకోకండి.

రిపోర్టులో మెడుల్లరీ అన్న మాట ఉంటే అది ఇంకో రకం క్యాన్సర్, దాని దారి వేరు. కాల్సిటోనిన్ పరీక్ష, జన్యు పరీక్ష ఉంటాయి. కిడ్నీ మీద ఉండే ఎడ్రినల్ గ్రంథిలో గడ్డ లేదని తేల్చుకున్నాకే మత్తు ఇస్తారు. జన్యు పరీక్షలో లోపం కనిపిస్తే పిల్లలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి.

2. ఎంత తీస్తారో, ఎందుకో అడగండి

మూడు మాటలు వినిపిస్తాయి. హెమీ అంటే థైరాయిడ్‌లో ఒక వైపు భాగం, అంటే సగం తీయడం. టోటల్ అంటే మొత్తం. నెక్ డిసెక్షన్ అంటే మెడలోని లింఫ్ గ్రంథులు తీయడం. గడ్డ 4 సెంటీమీటర్లు దాటినా, థైరాయిడ్ దాటి బయటికి పాకినా, లింఫ్ గ్రంథుల్లో కనిపించినా మొత్తం తీయడం మామూలు. అంతకంటే చిన్నదై, ఒకే వైపు ఉంటే సగం సరిపోవచ్చు. ఒక సెంటీమీటరు కూడా లేని పాపిల్లరీ గడ్డ అయితే కొందరికి ఆపరేషనే లేకుండా, స్కానింగ్‌లతో కనిపెట్టుకుని ఉండే దారి కూడా ఉంది. "మొత్తం తీసేయండి సారూ, పీడ పోతది" అని మీరే ముందు అనకండి. సగం మిగిలితే కొందరికి జీవితాంతం మాత్ర వేసుకునే పని ఉండదు, కాల్షియం బాధా ఉండదు.

3. ఎక్కడ, ఎవరి చేత

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో పరీక్షలు చేయించుకోవచ్చు. ఆపరేషన్‌కు చాలామంది వచ్చేది హైదరాబాద్‌కే: రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, బంజారాహిల్స్‌లో బసవతారకం. యాదాద్రి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. నల్లగొండ బస్సులో వస్తే ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. అదే లైన్‌లో లక్డీకాపూల్ దిగితే ఎంఎన్‌జే, పంజాగుట్ట దిగితే నిమ్స్. పాలమూరు బస్సులో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి అదే లైన్ పట్టుకోవచ్చు.

ఆసుపత్రి బోర్డు కంటే చేసే చెయ్యి ముఖ్యం. "సార్, మీరు ఏడాదికి థైరాయిడ్ ఆపరేషన్లు ఎన్ని చేస్తారు?" అని అడగండి. అడగడం తప్పు కాదు. ఏడాదికి 25కు మించి చేసేవాళ్ల చేతిలో ఇబ్బందులు తక్కువని అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. నెలకు ఒకటి రెండు కూడా చేయని చోట, ఎంత దగ్గరైనా, ఎంత తెలిసినవాళ్లైనా, నేనైతే మా ఇంటివాళ్లను పంపను.

ఆరోగ్యశ్రీ 2007లో మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అయినా ఇప్పటికీ కార్డు ఇంట్లో పెట్టి వచ్చేవాళ్లు అక్కడి నుంచే ఎక్కువ! తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. అడ్మిట్ అయ్యాక కాదు, అంతకుముందే ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ పథకం కింద ఉందో లేదో 104కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. ముందు డబ్బు కట్టేసి తర్వాత కార్డు చూపిస్తే పని జరగడం కష్టం.

4. మత్తు డాక్టర్ దగ్గర దాచకూడనివి

ఆపరేషన్ టేబుల్ మీద భుజాల కింద దిండు పెట్టి మెడను వెనక్కి వంచుతారు. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, నడుము బిగుసుకుపోయినవాళ్లు ఇది తప్పనిసరిగా చెప్పాలి. మెడ వెనక్కి వంగకపోతే గొంతులో ట్యూబు వేయడమూ కష్టమే, బలవంతంగా వంచితే వెన్నుపాముకూ ముప్పే. ముందే తెలిస్తే ఎక్స్‌రే తీసి వేరే ఏర్పాటు చేసుకుంటారు. అలాంటివాళ్లకు కాల్షియం, విటమిన్ డి కూడా ముందే చూడమని అడగండి. ఫ్లోరైడ్ వల్లే ఈ క్యాన్సర్ వచ్చిందా అని చాలామంది అడుగుతారు. అలా అని రుజువేమీ లేదు.

రెండోది కల్లు. రోజూ తాగే అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పండి. మన వైపు కల్లులో మత్తు మందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. అడ్మిట్ అయిన రోజు నుంచి ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మెడకు కుట్లతో ఉన్న మనిషి మంచం మీద పెనుగులాడటం కంటే ప్రమాదం ఇంకేముంది? ముందే తెలిస్తే దానికి మందు ఉంది.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు వేసుకుంటుంటే చెప్పండి. మీ అంతట మీరు ఆపొద్దు, ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెప్తారు. గర్భంతో ఉన్నా, అనుమానమున్నా అదీ చెప్పాలి. చాలామందికి కాన్పు దాకా వాయిదా వేస్తారు.

గొంతు పరీక్ష కూడా ముందే జరగాలి. సన్న కెమెరాతో స్వరపేటిక కదలిక చూస్తారు. బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకునేవాళ్లు ఆ సంగతి సర్జన్‌కు ప్రత్యేకంగా చెప్పండి. పై స్వరానికి వేరే సన్న నరం ఉంటుంది. దాని మీదా ఓ కన్నేసి ఉంచుతారు.

5. అడ్మిట్ అయ్యే రోజు

ముందు వైపు బొత్తాలు లేదా జిప్పు ఉన్న బట్టలు తెచ్చుకోండి. తల మీదుగా తొడిగేవి వద్దు. పుస్తెలతాడు తీయాల్సిందే. థియేటర్ తలుపు దగ్గర అత్తా కోడళ్లు దీని మీద గొడవపడి ఏడవడం చాలాసార్లు చూశాను. ఇంట్లోనే మాట్లాడుకుని రండి. చాలామంది తీసి అమ్మ చేతికో అత్త చేతికో ఇస్తారు. గాయం పూర్తిగా ఆరేదాకా మళ్లీ మెడలో వేయొద్దు, ఆ బరువు, రాపిడి కొత్త మచ్చ మీద పడుతుంది.

ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు, చాయ్ బంద్. మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో సిస్టర్‌ను అడగండి. "ఒక్క గుక్క చాయ్ తాగినా అంతే కదా" అని తాగి, చెప్పకుండా ఊరుకుంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

6. మొదటి 24 గంటలు: వెంట ఉన్నవాళ్ల పని

మెడ లోపల రక్తం చేరడం చాలా కొద్దిమందికే జరుగుతుంది. జరిగితే మాత్రం నిమిషాల లెక్క. పట్టీ తెల్లగా ఉన్నా, డ్రెయిన్ పైపు ఉన్నా లోపల నిండవచ్చు. గంటకోసారి మెడ చూడండి. వాపు పెరుగుతున్నా, బిగుతుగా ఉందన్నా, పడుకోలేక లేచి కూర్చుంటున్నా, ఊపిరి తీస్తే చప్పుడు వస్తున్నా వెంటనే సిస్టర్‌ను కేకేయండి. "రౌండ్స్‌కు డాక్టర్ వస్తారు కదా, అప్పుడు చెప్దాం" అనుకోవద్దు. అర్ధరాత్రి లేపినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

7. మొదటి వారం: కాల్షియం

థైరాయిడ్ వెనక మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒక్కోటీ కందిగింజంత. రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టేవి అవే. మొత్తం థైరాయిడ్ తీసినప్పుడు అవి కొన్నాళ్లు పని ఆపేయడం మామూలే. కాల్షియం బాగా పడిపోయేది రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. అంటే చాలామంది అప్పటికి డిశ్చార్జి అయ్యి బస్సులోనో, ఇంట్లోనో ఉంటారు. చిక్కంతా అక్కడే.

ముందు పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి. తర్వాత పిక్కలు పట్టేయడం, చేతులు కొంకర్లు పోవడం. వార్డులో ఒకామెకు బీపీ చూద్దామని పట్టీ బిగించాను. కాసేపటికే మణికట్టు లోపలికి వంగింది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది, మిగతా వేళ్లు నిటారుగా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. "పక్షవాతం వచ్చిందమ్మో" అని వాళ్లత్త గుండెలు బాదుకుంది. పక్షవాతం కాదు. నరం గుండా కాల్షియం ఎక్కిస్తుంటే ఆ వేళ్లు ఒక్కొక్కటీ వదులయ్యాయి.

ఇదే ఊళ్లో జరిగితే నీరసమనుకుని ఆర్ఎంపీ దగ్గర సెలైన్, బి కాంప్లెక్స్ ఎక్కించుకుంటారు. అవి దీనికి మందు కాదు. చేయాల్సింది ఇది:

- డిశ్చార్జి రోజు అడగండి: "కాల్షియం ఎంత ఉంది? మళ్లీ ఎప్పుడు పరీక్ష? తిమ్మిరి వస్తే మాత్రలు ఎన్ని వేసుకోవాలి?" ఆ జవాబు చీటీ మీద రాయించుకోండి.
- తిమ్మిరి మొదలైతే చీటీలో రాసినట్టు మాత్ర వేసుకోండి. అరగంటలో తగ్గకపోయినా, వేళ్లు బిగుసుకున్నా దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికి వెళ్లండి. "థైరాయిడ్ మొత్తం తీశారు, కాల్షియం చూడండి" అనే మాట ముందు చెప్పండి. హైదరాబాద్ దాకా రావాలని దారిలో సమయం పోగొట్టుకోవద్దు. ఇంజెక్షన్ అక్కడే ఇవ్వగలరు.
- బాగానే ఉన్నాను కదా అని కాల్షియం మాత్రలు మీరే ఆపొద్దు. ఎప్పుడు తగ్గించాలో రక్త పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

8. గాయం, గొంతు, తిండి

గాయం మీద పసుపు, పసరు, కొబ్బరినూనె ఏవీ వద్దు. కుట్లు మానాక ఎండలోకి పోతే కొంగో, తువ్వాలో అడ్డం పెట్టుకోండి, కొన్ని నెలల పాటు. పప్పు తింటే చీము పడుతుందని పత్తెం పెట్టకండి. పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ తినాలి, గాయం మానేది వాటితోనే. ఎర్రబడినా, చీము కారినా, జ్వరమొచ్చినా రండి.

ట్యూబు వల్ల గొంతు కొన్నాళ్లు బొంగురుగా ఉంటుంది. రెండు వారాలు దాటినా మారకపోతే, నీళ్లు తాగితే పొలమారుతుంటే స్వరపేటిక మళ్లీ చూపించుకోవాలి. తొందరగా మొదలుపెడితే గొంతు వ్యాయామాలతో చాలామందికి మెరుగవుతుంది.

9. బయాప్సీ రిపోర్టు తీసుకోకుండా కథ ముగిసిందనుకోవద్దు

తీసిన ముక్క పరీక్షకు పంపారని నిర్ధారించుకోండి. ఇది మరీ చిన్న మాటలా ఉంటుంది. కానీ బయటెక్కడో "మామూలు గడ్డే" అని తీయించుకుని, ముక్క ఏమైందో తెలియక, ఏడాది తర్వాత మళ్లీ గడ్డతో వచ్చేవాళ్లు ఉన్నారు. రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుంది. అందులో క్యాన్సర్ రకం, గడ్డ సైజు, అంచుల్లో మిగిలిందా, రక్తనాళాల్లోకి పోయిందా, ఎన్ని లింఫ్ గ్రంథులు తీస్తే ఎన్నింటిలో ఉంది అనేవి ఉండాలి. మూడు జిరాక్సులు తీయించి, ఒకటి ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి.

10. రేడియో అయోడిన్ అన్నారా?

మిగిలిన థైరాయిడ్ కణాలను చంపడానికి ఇచ్చే రేడియోధార్మిక మందు ఇది. అందరికీ అక్కర్లేదు. మొత్తం తీసినవాళ్లలో, పైన చెప్పిన రిపోర్టును బట్టి కొందరికే. ముందు వారం రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి: అయోడైజ్డ్ ఉప్పు, చేపలు, పాలు, పచ్చసొన, హోటల్ తిండి, బేకరీ సరుకు మానాలి. దొడ్డు ఉప్పు వాడొచ్చంటారు కానీ ప్యాకెట్ మీద చదవండి, ఈమధ్య దానిలోనూ అయోడిన్ కలుపుతున్నారు. పచ్చడి ఏ ఉప్పుతో పెట్టారో గుర్తులేకపోతే ఆ జాడీ ముట్టకండి. ఈలోపు ఎవరైనా రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తామంటే ఈ చికిత్స ఉందని చెప్పండి, ఆ మందులోనూ అయోడిన్ ఉంటుంది. పాలిచ్చే తల్లులు ముందే, వారాల ముందే, పాలు మాన్పించాలి. ఇంటికెళ్లాక పిల్లలకు, గర్భిణులకు ఎన్ని రోజులు దూరంగా ఉండాలో, బస్సులో వెళ్లొచ్చో లేదో ఆ చికిత్స ఇచ్చేవాళ్లనే అడిగి రాయించుకోండి. ఆడవాళ్లు కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

11. రోజూ మాత్ర

మొత్తం తీస్తే లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) జీవితాంతం. పొద్దున లేవగానే పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా చాయ్ తాగొద్దు. పత్తి తీయడానికి తెల్లారేసరికి పోయేవాళ్లకు ఇది కుదరదు. అప్పుడు రాత్రి అన్నం తిన్న మూడు గంటలకు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. రంజాన్‌లో ఉపవాసముండే వాళ్లకూ అదే దారి, లేదా సహరీకి గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకు దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండూ కలిపి గుటుక్కున మింగేసి, "మందు పని చేస్తలేదు" అని డోసు పెంచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. మే నెలలో రేకుల ఇంట్లో గూట్లో పెట్టిన సీసా ఆ వేడికి పాడవుతుంది. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, తడి తగలని చోట, దాని సీసాలోనే ఉంచండి.

సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడం

మాత్ర మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతుంటే రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పు చూపిస్తుంది.

క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న వాళ్లకు టీఎస్‌హెచ్‌ను డాక్టర్లు కావాలనే కిందికి, 0.1 కంటే తక్కువకు కూడా, దించి ఉంచుతారు. ల్యాబ్ కాగితం మీద అది "తక్కువ" అని నల్లగా అచ్చవుతుంది. అది చూసి ఊళ్లో ఎవరో మాత్ర సగం చేస్తారు. మీ టీఎస్‌హెచ్ ఎంత ఉండాలని మీ డాక్టర్ అనుకుంటున్నారో ఫైల్ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. డోసు మార్చమని ఎవరన్నా ముందు ఆ అంకె చూపించండి. గుండె దడ, చేతుల వణుకు ఉంటే మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టర్‌కే ఫోన్ చేయండి.

థైరోగ్లోబ్యులిన్ అనేది థైరాయిడ్ కణాలే తయారుచేసే ప్రోటీన్. ఆ పరీక్ష దాని యాంటీబాడీతో కలిపి చేయించాలి, ఒక్కటే చేస్తే అక్కరకు రాదు. మొత్తం తీసి రేడియో అయోడిన్ కూడా ఇచ్చినవాళ్లలో ఆ అంకె దాదాపు సున్నాకు పడిపోవాలి. సగమే తీసినవాళ్లు దాన్ని చూసి కంగారు పడొద్దు, మిగిలిన సగం దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు మెడ అల్ట్రాసౌండ్ ఒకటి ఉంటుంది. వెళ్లేటప్పుడు పాత స్కాన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. స్కాన్ చేసే డాక్టర్‌కు పోల్చి చూడటానికి అదే ఆధారం.